‘నలుగురిలో ఒకరికి’... ఎవరా ఒకరు?

మీ అబ్బాయో అమ్మాయో పదో తరగతి చదువుతున్నారా? అయితే ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ‘మార్కులెన్ని? ఫీజు కట్టారా?’ అనే రెండు ప్రశ్నలయ్యాక మూడోది ఒకటి అడిగి చూడండి. ‘‘అమ్మకీ నాన్నకీ ఇద్దరికీ సికిల్ సెల్ జన్యువు ఒక్కొక్కటి ఉంది. పుట్టే పిల్లల్లో నలుగురిలో ఒకరికి జబ్బు రావచ్చని పుస్తకంలో రాశారు. మొదటి బిడ్డకు వచ్చింది. మరి రెండో బిడ్డ సంగతేంటి?’’

మేం మా గదుల్లో ఉన్నవాళ్ళ పిల్లల్ని తొమ్మిది మందిని ఫోన్లోనే అడిగాం. ఆరుగురు ఠక్కున చెప్పిన జవాబు ఒక్కటే. ‘‘ఒకరికి వచ్చేసింది కదా, ఇంక ముగ్గురికీ రాదు.’’ వీళ్ళలో లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరు ‘తెలీదు’ అన్నారు. ఒక్క పిల్ల మాత్రం ‘‘రెండోసారి కూడా అంతే అవకాశం’’ అంది.

ఆ పిల్ల చెప్పిందే నిజం. రెండో బిడ్డకూ నాలుగింట ఒక వంతు. మూడో బిడ్డకూ అంతే. ఎందుకో కాస్త ఆగి చెబుతాం. ముందు ఈ పాఠం మా గదిదాకా ఎలా వచ్చిందో చెప్పాలి.

ఉట్నూరు నుంచి ఫోన్

మేం ఉండేది బహ్రెయిన్‌లో, మీనా సల్మాన్ దగ్గర. మీనా అంటే అరబ్బీలో రేవు. 2009లో సరుకు ఓడలు హిద్ద్ వైపు కట్టిన ఖలీఫా బిన్ సల్మాన్ పోర్టుకు వెళ్ళిపోయాయి గానీ గోదాములు, వర్క్‌షాపులు, మాలాంటివాళ్ళ గదులు ఇటే ఉండిపోయాయి. నిజామాబాద్, జగిత్యాల, కడప, కోనసీమ... అన్ని వైపుల నుంచీ ఉన్నాం. షట్టరింగ్ కార్పెంటర్లు, స్టీల్ ఫిక్సర్లు, మేస్త్రీలు, డిప్లొమా చేసి సూపర్‌వైజర్లయినవాళ్ళు ఒకరిద్దరం. పాలిటెక్నిక్‌లో జీవశాస్త్రం ఉండదు కాబట్టి మాకు జన్యువుల చదువు పదో తరగతితోనే సరి. మిగతాది ఈ ఆర్నెల్లలో పుస్తకాలు తిరగేసి, ఇక్కడి డాక్టర్లను అడిగి తెలుసుకున్నదే.

అడగాల్సిన అవసరం మా మేస్త్రీ వల్ల వచ్చింది. ఆయనది ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు దగ్గర పల్లె. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయికి ఇరవై నిండాయి. చిన్నమ్మాయి ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి. బడిలో పిల్లలందరికీ రక్త పరీక్ష చేశారు. చిన్నమ్మాయి కాగితం మీద ‘సికిల్ సెల్ ట్రెయిట్’ అని వచ్చింది. ఆ రెండు ముక్కలు బడి నుంచి ఇంటికి చేరేసరికి ‘రక్తంలో రోగం’ అయిపోయాయి. హాస్టల్లో పక్క మంచం పిల్ల ‘అంటుకుంటదట’ అని మంచం జరుపుకుంది. ఇంట్లో అవ్వ, ‘‘ఊళ్ళె ఎవ్వలకు చెప్పకుర్రి, పిల్లనెవడు చేసుకుంటడు?’’ అని నోరు మూయించింది.

ఆ రాత్రి పిల్ల తండ్రికి ఫోన్ చేసింది. ‘‘బాపూ, నేను సచ్చిపోతనా?’’

మేస్త్రీ సైట్‌లో ఎంత పెద్ద గొంతున్న మనిషో మాకు తెలుసు. ఆ రాత్రి ఫోన్ మా చేతికిచ్చి బయట మెట్ల మీద కూర్చున్నాడు. ‘‘సారూ, మీరే చెప్పుర్రి, నాతోని కాదు’’ అన్నాడు.

మేం చెప్పగలిగింది చెప్పాం. నువ్వు రోగివి కావు, వాహకురాలివి. ప్రతి మనిషికీ ఈ జన్యువు రెండు ప్రతుల్లో ఉంటుంది. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. నీకు ఒకటి మంచిది, ఒకటి తేడాది. మంచిది ఉంది కాబట్టి నీ రక్తం దాని పని అది చేసుకుంటోంది. రెండూ తేడావైతేనే జబ్బు. ఇది గాలికి, నీళ్ళకి, ఒకే కంచంలో తింటే అంటుకునేది కాదు. నీకు పుట్టినప్పటి నుంచే ఉంది. రేపు జబ్బుగా మారేదీ కాదు.

అటు కాసేపు చప్పుడు లేదు. తర్వాత రెండో ప్రశ్న వచ్చింది. ‘‘నాకుంటే అక్కకు గూడ ఉన్నట్టే గదా?’’

పిల్ల మామూలుగా అడిగేసింది గానీ గదిలో అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎందుకంటే పెద్దమ్మాయికి మేనబావతో సంబంధం ఖాయమై ఉంది. తల్లి సొంత తమ్ముడి కొడుకు. మాఘమాసంలో లగ్గం. మేస్త్రీ ఓవర్‌టైమ్ చేస్తున్నదంతా ఆ పెళ్ళి కోసమే.

ఇక్కడి పిల్లలకు 1998లోనే...

మా సైట్‌లో సేఫ్టీ చూసే బహ్రెయినీ ఆయన ఒకరున్నారు. నలభై దాటిన మనిషి. టీ దగ్గర ఈ సంగతి చెబితే, ‘‘మా బడిలోనూ తీసుకున్నారు రక్తం, నేను పదకొండో క్లాసులో ఉన్నప్పుడు’’ అన్నాడు తాపీగా.

ఇది చిన్న దేశం. మన కొన్ని మండలాలు కలిపినంత భూమి. కానీ రక్తానికి సంబంధించిన వంశపారంపర్య జబ్బులు ఎక్కువ. 1980ల మధ్యలో పుట్టిన పిల్లల్ని పరీక్షిస్తే నూటికి ఇద్దరికి సికిల్ సెల్ జబ్బు తేలింది. ఆ రోజుల్లోనే సల్మానియా ఆసుపత్రిలో డాక్టర్ శేఖా అల్ అరయ్యద్ జన్యు విభాగాన్ని మొదలుపెట్టారు. 1998-99 విద్యా సంవత్సరంలో ఆమె బృందం ఆసుపత్రికి వచ్చేవాళ్ళ కోసం ఎదురుచూడకుండా నేరుగా బడులకు వెళ్ళింది. 38 బడులు, పదకొండో తరగతి పిల్లలు 5,685 మంది. ముందు పాఠం చెప్పారు, తర్వాత రక్తం తీశారు. వరస చూశారా? ముందు పాఠం!

ఫలితం ఇదీ: నూటికి 1.2 మందికి సికిల్ సెల్ జబ్బు, 13.8 మంది వాహకులు. బీటా తలసీమియా వాహకులు మరో 2.9 మంది. ముప్ఫై మంది కూర్చున్న తరగతి గదిలో నలుగురు వాహకులన్నమాట. అందరూ ఆటలాడుకుంటున్నవాళ్ళే, తమకు ఆ సంగతి ఉన్నట్టు చాలామందికి తెలియనివాళ్ళే.

పదకొండో తరగతినే ఎందుకు ఎంచుకున్నారన్నది ఆలోచిస్తే అర్థమవుతుంది. పాఠం బుర్రకెక్కే వయసు వచ్చింది, పెళ్ళి మాటలు ఇంకా మొదలవలేదు. 2004లో ఇక్కడ చట్టం చేశారు. పెళ్ళికి ముందు ఇద్దరూ పరీక్ష చేయించుకుని ధ్రువపత్రం తేవాలి. ఇద్దరూ వాహకులని తేలితే పెళ్ళి ఆపరు. కూర్చోబెట్టి చెబుతారు, ఆపైన వాళ్ళ ఇష్టం. మా సేఫ్టీ ఆయన కూడా ఆ కాగితంతోనే పెళ్ళి చేసుకున్నాడట. పాతికేళ్ళలో, 2010 నాటికి, సికిల్ సెల్‌తో పుట్టే పిల్లలు నూటికి ఒకరికన్నా బాగా తగ్గిపోయారు. చట్టం ఒక్కటే చేసిన పని కాదిది. ఇరవయ్యేళ్ళ ముందు నుంచీ చెబుతూ వచ్చారు.

మన దగ్గర జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైంది. 17 రాష్ట్రాల్లో నలభై ఏళ్ళలోపు ఏడు కోట్ల మందికి పరీక్ష చేయాలని, 2047కల్లా జబ్బును లేకుండా చేయాలని లక్ష్యం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. ఆదిలాబాద్ గోండులు, కొలాముల్లో, గోదావరి ఒడ్డు కోయల్లో, విశాఖ మన్యంలో ఈ జన్యువు ఉందని డాక్టర్లకు ఎప్పటి నుంచో తెలుసు. అయితే ఇది గిరిజనులకే వచ్చేదనుకుంటే పొరపాటు. తలసీమియా వాహకులైతే దేశమంతటా నూటికి ముగ్గురు నలుగురు ఉన్నారు. కులం చూసి వచ్చేది కాదు.

రెండు హెల్మెట్లు, నాలుగు వాషర్లు

‘నలుగురిలో ఒకరికి’ అన్నది మాటల్లో చెబితే ఎక్కదు. మేస్త్రీకీ ఎక్కలేదు. అందుకని ఓ శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక గదిలో ఆట పెట్టాం.

రెండు హెల్మెట్లు. ఒకటి అమ్మ, ఒకటి నాన్న. ఒక్కోదాంట్లో రెండేసి వాషర్లు. ఒకటి మామూలుది, ఒకదానికి నల్ల పెయింట్. కళ్ళు మూసుకుని అమ్మ హెల్మెట్‌లోంచి ఒకటి, నాన్న హెల్మెట్‌లోంచి ఒకటి తీయాలి. ఆ రెండూ కలిస్తే ఒక బిడ్డ. రెండూ నల్లవైతే జబ్బు. ఒకటి నలుపైతే వాహకం. రెండూ తెల్లవైతే ఏమీ లేదు. రాసుకున్నాక వాషర్లు తిరిగి ఎక్కడివక్కడ వేసెయ్యాలి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. అమ్మ దగ్గరా నాన్న దగ్గరా ఏదీ ‘అయిపోదు’. రెండో బిడ్డ నాటికి హెల్మెట్‌లో మళ్ళీ అవే రెండు.

నలుగురేసి పిల్లల చొప్పున పది కుటుంబాలు ‘కన్నాం’. ప్లైవుడ్ ముక్క మీద గీతలు గీశాం. నలభై మందిలో పన్నెండు మందికి జబ్బు, పంతొమ్మిది మంది వాహకులు, తొమ్మిది మంది మామూలు. పది మంది దగ్గర ఉండాల్సింది పన్నెండు తేలింది, సుమారుగా సరే. కానీ కుటుంబాల వారీగా చూడండి. మూడు కుటుంబాల్లో ఒక్కరికీ రాలేదు. మూడింట్లో ఒకరికి. మూడింట్లో ఇద్దరికి. ఒక ఇంట్లో అయితే ముగ్గురికి వచ్చింది! ‘‘అయ్యో, గీ ఇల్లు చూడుర్రి’’ అని మేస్త్రీ ఆ గీతల మీద వేలు పెట్టి కాసేపు తీయలేదు.

అంటే ‘నలుగురిలో ఒకరు’ అన్నది ఒక ఇంటి లెక్క కాదు. వెయ్యి ఇళ్ళు కలిపి చూస్తే వచ్చే లెక్క. ఈ లెక్క మొదట కట్టిన మెండెల్ 1866లో అచ్చయిన తన వ్యాసంలో ఒక్క గింజ ఆకారం మీదనే 7,324 బఠానీలు లెక్కపెట్టాడు. 5,474 గుండ్రనివి, 1,850 ముడతలు పడ్డవి. అన్ని వేలు లెక్కపెడితే గానీ మూడుకు ఒకటి అన్న నిష్పత్తి పైకి తేలలేదు. మన పిల్లలేమో పుస్తకంలో నాలుగు గళ్ళ పట్టీ చూసి, ఆ నాలుగు గళ్ళూ నలుగురు పిల్లలనుకుంటారు. పరీక్షలో పట్టీ గీస్తే మార్కులు పడతాయి. దాని అర్థమేంటని ఎవరూ అడగరు.

ఇదే తప్పు మనం ఇంట్లో వేరే రూపంలో వింటూనే ఉంటాం. ‘ముగ్గురూ ఆడపిల్లలే అయ్యారు, ఈసారి తప్పక మగపిల్లాడే’. ఎందుకు తప్పక? హెల్మెట్‌కు జ్ఞాపకం ఉండదు. నాలుగోసారీ సగానికి సగమే. పైగా ఆడో మగో తేల్చేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమ్. తల్లి ఎప్పుడూ ఎక్స్ ఒకటే ఇస్తుంది. తండ్రి ఎక్స్ ఇస్తే ఆడపిల్ల, వై ఇస్తే మగపిల్లాడు. ఈ పాఠం కూడా పదో తరగతిలోనే ఉంది. చదివి పాసై, పెళ్ళయ్యాక భార్యను తిట్టేవాళ్ళు మన క్యాంపుల్లోనే ఉన్నారు. పేర్లెందుకులెండి.

ఇంగ్లిష్ మాటకన్నా మన మాటే నయం

ఒక చిత్రమైన సంగతి గమనించాం. తెలుగు మీడియం పుస్తకాల్లో ‘బహిర్గతం’, ‘అంతర్గతం’ అనే మాటలు వాడతారు. బయటికి కనబడేది, లోపల దాగి ఉండేది. అసలు విషయం ఆ మాటల్లోనే ఉంది. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు అక్కడ ‘డామినెంట్’ అని ఉంటుంది. ఆ మాట వినగానే పిల్లలు దాన్ని పెత్తనం చేసేది, బలమైనది, ఎక్కువమందికి ఉండేది అనుకుంటారు. ఈ మూడూ తప్పే. చేతికి ఆరు వేళ్ళుండటం చాలా కుటుంబాల్లో బహిర్గత లక్షణమే. మరి ఊళ్ళో అందరికీ ఆరు వేళ్ళున్నాయా? ‘ఓ’ బ్లడ్ గ్రూపు అంతర్గతం. అయినా మన ఊళ్ళలో ‘ఓ’ గ్రూపువాళ్ళకు కొదవ లేదు. బయటికి కనబడటం వేరు, ఎక్కువమందికి ఉండటం వేరు.

ఇది మన పిల్లల తెలివితక్కువ కాదు. అమెరికాలో హైస్కూలు పిల్లలకు ఏటా జన్యుశాస్త్రం మీద వ్యాసాల పోటీ పెడతారు. 2006, 2007 పోటీలకు వచ్చిన వ్యాసాల్లోంచి ఐదు వందలు తీసి పండితులు పరిశీలిస్తే సగానికి పైగా వ్యాసాల్లో కనీసం ఒక తప్పుడు అభిప్రాయం దొరికింది. పోటీకి రాసేవాళ్ళంటే చదువుకునే పిల్లలే కదా. ఒక జన్యువు ఉంటే ఆ లక్షణం వచ్చి తీరుతుందనుకోవడం, వంశపారంపర్యం అంటే ఇక మందే లేదనుకోవడం... అక్కడా ఇవే.

మా భాషలో చెప్పాలంటే జన్యువు అంటే డ్రాయింగు. బిల్డింగు కాదు. డ్రాయింగులో ఒక్క చోట ఒక్క అంకె మారినా కట్టడంలో తేడా రావచ్చు. సికిల్ సెల్‌లో జరిగేది సరిగ్గా అదే. రక్తంలోని హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసు అని ఒకటుంటుంది. 146 పూసల దండ అనుకోండి. అందులో ఆరో పూస ఒక్కటి మారుతుంది. అంతే. దాంతో గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర కణం ప్రాణవాయువు తగ్గినప్పుడు కొడవలిలా వంగి, సన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఆ నొప్పి ఎలాంటిదో సల్మానియా వార్డుల్లో చూసినవాళ్ళు చెబుతారు. 1910లో చికాగో డాక్టర్ హెరిక్ ఆ కొడవలి కణాల్ని మొదటిసారి లోకానికి చూపించాడు. ఆరో పూస సంగతి తేలడానికి 1950ల దాకా పట్టింది.

డ్రాయింగు ఒకటి, ఆ తర్వాత కట్టడానికి ఏమైనా అది వేరొకటి. మన కార్మికుల్లో ఒక నవ్వులాట మాటుంది. గల్ఫ్ ఎండకు నల్లబడి సెలవు మీద ఇంటికెళ్తే, ఆ తర్వాత పుట్టే బిడ్డ నల్లగా ఉంటుందని. గోడకు ఎండ తగిలి రంగు వెలిస్తే డ్రాయింగు మారుతుందా? రక్తం ఎక్కించుకుంటే ఇచ్చినవాడి గుణాలొస్తాయన్నదీ ఇలాంటిదే. ఎక్కించిన రక్త కణాలు మూడు నాలుగు నెలల్లో అరిగిపోతాయి. మీ డ్రాయింగు మీదే. కానీ ఒక జాగ్రత్త. రక్తం ఎక్కించుకున్న మూడు నెలల్లోపు సికిల్ సెల్ పరీక్ష చేయిస్తే ఇచ్చినవాడి రక్తం కలిసి ఫలితం తికమక కావచ్చు. డాక్టరుకు ముందే చెప్పాలి.

గ్రూపు కలిసిందని సంబంధం వదులుకున్నారు!

మా కడప తమ్ముడొకడికి మంచి సంబంధం తప్పిపోయింది. అబ్బాయిది, అమ్మాయిది ఇద్దరిదీ ‘బి పాజిటివ్’. ‘ఒకే గ్రూపైతే పిల్లలు సరిగ్గా పుట్టరు’ అని అటువైపు పెద్దమనిషి అడ్డం కొట్టాడు. ఇంటర్ బైపీసీ చదివే ఆయన కొడుకు కూడా అవునన్నాడట!

దీనంత పాతుకుపోయిన అపోహ మనలో ఇంకోటి లేదేమో. భార్యాభర్తలది ఒకే గ్రూపైతే వచ్చే నష్టం ఏమీ లేదు. చూడాల్సింది ఆర్‌హెచ్ ఒక్కటే. తల్లి నెగెటివ్, తండ్రి పాజిటివ్ అయినప్పుడు బిడ్డ పాజిటివ్ అయితే తల్లి శరీరం బిడ్డ రక్త కణాల మీద ప్రతిఘటన తయారు చేసుకోవచ్చు. దానికి యాంటీ-డి ఇంజక్షన్ ఉంది, గర్భిణిగా ఉన్నప్పుడూ కాన్పయిన 72 గంటల్లోపూ ఇస్తారు. పెళ్ళి మానుకోవాల్సిన పనే లేదు. విడ్డూరం ఏంటంటే, అక్కర్లేని గ్రూపు చూసి సంబంధాలు వదులుకునే వాళ్ళే, అక్కర ఉన్న హిమోగ్లోబిన్ పరీక్ష ఊసెత్తితే ‘మా పిల్లను అనుమానిస్తారా’ అని కయ్యానికొస్తారు.

అరబ్బు తోటలో, మన అడవిలో ఒకటే

మా సేఫ్టీ ఆయనకు, మా మేస్త్రీ చిన్నమ్మాయికి ఒక చుట్టరికం ఉంది. బహ్రెయిన్, సౌదీ తూర్పు తీరంలో కనిపించే సికిల్ జన్యువూ, మన దేశంలో కనిపించేదీ ఒకే రకం. శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరే ‘అరబ్-ఇండియన్’ రకం. ఆఫ్రికాలో కనిపించే రకాలు వేరు.

మరి చెడ్డ జన్యువైతే ఇన్ని వేల ఏళ్ళు ఎలా నిలిచింది? పిల్లలు అడగాల్సిన ప్రశ్న ఇది. జవాబు మలేరియా. ఒక్క సికిల్ జన్యువు ఉన్న మనిషికి మలేరియా ముదిరి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం తక్కువ. ఇక్కడ ఒకప్పుడు ఊటనీళ్ళ చెలమలు, ఖర్జూర తోటలు, వాటి నిండా దోమలు. మన దగ్గర మన్యం అడవులు. వాహకులు బతికి బట్టకట్టారు, జన్యువు నిలిచింది. మలేరియా క్రిమి దోమ కడుపులో ఉంటుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుక్కున్నది మన సికింద్రాబాద్‌లోనే. కాబట్టి వాహకం అంటే ఏదో పాపం, శాపం అనేవాళ్ళకు ఈ మాట చెప్పండి. మీ తాతముత్తాతల్ని జ్వరం నుంచి కాపాడిన జన్యువు అది.

ఇక్కడే ఇంకొక మాట. 5,685 మంది పిల్లల్లో నూటికి 23 మందికి జి6పీడీ లోపం కూడా తేలింది. ఇది మనవాళ్ళలోనూ ఉంది, మగవాళ్ళలో ఎక్కువ, తల్లి వైపు నుంచి కొడుక్కి వస్తుంది. ఈ లోపం ఉన్నవాళ్ళు పొద్దున ఇక్కడి హోటళ్ళలో పెట్టే ఫూల్ గింజలు తిన్నా, మలేరియాకు ఇచ్చే ప్రిమాక్విన్ మింగినా రక్త కణాలు పగిలి కళ్ళు పచ్చబడొచ్చు. ఊరెళ్ళినప్పుడు జ్వరమొచ్చి ప్రిమాక్విన్ రాస్తే, ఇదివరకు ఎప్పుడైనా అలా అయి ఉంటే డాక్టరుకు చెప్పండి.

మాఘమాసం లగ్గం

ఇక మేస్త్రీ ఇంటి సంగతి. చిన్నమ్మాయికి ఉందంటే తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి దగ్గర నుంచి రావాలి. మేస్త్రీ ఇక్కడే ఒక క్లినిక్‌లో హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించుకున్నాడు. మామూలుగా ఉంది. అంటే తల్లి నుంచి వచ్చింది. ఇది తెలియగానే ఊళ్ళో ఒక బంధువు ‘‘నీ పెండ్లాం తెచ్చిన రోగం’’ అని ఫోన్ చేశాడు. మేస్త్రీ ‘‘ఆమెకు వాళ్ళ అమ్మో నాయినో ఇచ్చిండ్రు, ఆమె బజార్ల కొన్కరాలే’’ అని పెట్టేశాడు. ఆ మాటకు మేం గదిలో అందరికీ టీ పోయించాం.

తల్లి వాహకురాలైతే పెద్దమ్మాయికి వచ్చే అవకాశం సగం. ‘నాకుంటే అక్కకూ ఉన్నట్టే’ కాదు, ఉండొచ్చు, ఉండకపోవచ్చు. తల్లి తమ్ముడూ ఆ తల్లిదండ్రుల బిడ్డే కాబట్టి అతనికి సగం, అతని కొడుక్కి అందులో సగం, అంటే నాలుగింట ఒకటి. ఇద్దరికీ ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒకటి. అన్నీ గుణిస్తే ముప్ఫై రెండింట ఒకటి. ఈ లెక్క వేసింది మేం కాదు, చిన్నమ్మాయి! నోటుబుక్కులో వేసి ఫొటో పంపింది. ‘‘ముప్పై రెండింట్ల ఒకటే గద, తక్కువనే’’ అన్నాడు మేస్త్రీ. తక్కువే. కానీ అది తెలియనప్పటి లెక్క. పరీక్ష చేయిస్తే ఆ ముప్ఫై రెండు ఉండదు. ఇద్దరికీ ఉందంటే నాలుగింట ఒకటవుతుంది. ఇద్దరిలో ఒకరికి లేదంటే సున్నా అవుతుంది. మేనరికంలో చిక్కు ఇదే. బయటి సంబంధంలో ఎదుటివాళ్ళకు అదే జన్యువు ఉండటం అరుదు, మేనరికంలో ఇద్దరిదీ ఒకే తాత ఇల్లు.

పరీక్ష మాటెత్తగానే బామ్మర్ది అలిగాడు. ‘‘అక్క బిడ్డెనే నమ్మకుంటే ఇంకెవల్ని నమ్ముతవ్ బావా?’’ అని పది రోజులు ఫోన్ తీయలేదు. మేస్త్రీ ఆ పది రోజులూ అన్నం సరిగ్గా తినలేదు. పెళ్ళి చెడుతుందా, అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలు పోతాయా అని ఒకటే బెంగ. చివరికి చిన్నమ్మాయే దారి చెప్పింది. ‘‘మామను అడుగుడెందుకు బాపూ? ముందుగాల అక్కకు చేపిద్దాం. అక్కకు లేకుంటే బావకు ఉన్నా లేకున్నా ఒకటే గద.’’

అంత సులువైన మాట మా డిప్లొమాలవాళ్ళకెవరికీ తట్టలేదు, అది ఆ పిల్ల గొప్ప. పెద్దమ్మాయికి పరీక్ష చేయించారు. రెండు వారాలకు కాగితం వచ్చింది. సికిల్ లేదు, తలసీమియా వాహకమూ లేదు. బావకు ఉన్నా ఇక పిల్లలకు సికిల్ సెల్ జబ్బు రాదు, మహా అయితే వాహకులవుతారు. బామ్మర్ది ఆ సాయంత్రమే ఫోన్ చేశాడట, ఏమీ జరగనట్టు, బాజా ఎవరిది మాట్లాడదామని. మాఘమాసంలో లగ్గం అయింది. మేస్త్రీ ఇరవై రోజుల సెలవు మీద వెళ్ళొచ్చాడు.

పరీక్ష చేయించాలనుకునే వాళ్ళకు రెండు మాటలు. బడుల్లో మొదట చేసే సాల్యుబిలిటీ పరీక్షలో సికిల్ ఉందని తెలుస్తుంది గానీ అది వాహకమా, జబ్బా అన్నది తేలదు. దానికి హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ కావాలి. తలసీమియా వాహకం కూడా హెచ్‌పీఎల్‌సీలోనే తెలుస్తుంది. ఒకరికి సికిల్, మరొకరికి తలసీమియా వాహకం ఉన్నా బిడ్డకు జబ్బు రావచ్చు, అందుకే రెండూ చూడాలి. హైదరాబాద్‌లో 1998 నుంచి తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ పనిచేస్తోంది. జబ్బు ఉన్న పిల్లలకు హైడ్రాక్సీయూరియా మందు, టీకాలు, వేళకు వైద్యం అందితే చదువుకుంటారు, ఉద్యోగాలూ చేస్తారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్, తలసీమియా రెండింటినీ చేర్చారు, సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇక వాహకులైన కార్మికులు ఎవరైనా ఉంటే, పనికి ఢోకా లేదు గానీ ఈ ఎండల్లో నీళ్ళు తాగడం, నీడన ఆగడం అందరికన్నా మీకు ముఖ్యం.

జన్యువునే సరిచేసే వైద్యం ఒకటి వచ్చింది. 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరు మొదట్లో బహ్రెయిన్ దాన్ని అనుమతించాయి. ఖరీదు మనకు అందేది కాదు. అది విని చిన్నమ్మాయి మళ్ళీ ఒక ప్రశ్న పంపింది. ‘‘అట్ల సరిచేసుకున్నోళ్ళకు పుట్టే పిల్లలకు రాదా?’’ వాళ్ళు సరిచేసేది ఎముక మజ్జలోని రక్త మూలకణాలనే. బిడ్డకు వెళ్ళే జన్యువు అలాగే ఉంటుంది. ఇదే రాసి పంపాం. ‘‘గట్లయితే వాళ్ళ పిల్లలకు గూడ పరీక్ష చేపియ్యాలె’’ అని జవాబొచ్చింది. ఇంటర్‌లో బైపీసీ తీసుకుంటుందట. హాస్టల్లో పక్క మంచం పిల్ల మంచం మళ్ళీ దగ్గరకు జరుపుకుందని కూడా రాసింది.